కుడి అంచు

మా నాన్నకు కళ్ళు పోయాక ఆయన పేరు ఇంకా పెరిగింది. చూపు ఉన్నన్నాళ్ళూ మంచి పాలిష్ మేస్త్రి అనేవాళ్ళు. చూపు పోయాక, అరచేత్తో బల్లను చూడగలిగే మనిషని చెప్పుకోవడం మొదలుపెట్టారు. మా అంగడిలో పని పూర్తయిందని ఎవరు చెప్పినా అది పూర్తయినట్టు కాదు. నాన్న కుర్చీలోంచి లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, అరచెయ్యి తుడుచుకుని, బల్ల పలక మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి నడిపించాలి. నడిపించి "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" పడందే బండివాళ్ళు తాడు కూడా విప్పేవాళ్ళు కాదు.

"ఊఁ" తర్వాత ఆయన ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు. "మావాడి చెయ్యి."

మావాడంటే నా తమ్ముడు. తలలో సగం జుట్టు నెరిసింది, అయినా అందరికీ చిన్నోడే. మాటకారి, నవ్వుముఖం. వాడిమీద కోపం తెచ్చుకోవాలని ఎన్నిసార్లు కూర్చున్నా గుమ్మంలో వాడి మొహం కనబడగానే నా కోపం ఎటో పోతుంది. అది నా ఖర్మ. కానీ వాడి చేతికి నిలకడ లేదు. ఉప్పుకాగితం చేతికిస్తే చెక్కను మాడిన గిన్నె తోమినట్టు తోముతాడు. ఇన్నేళ్ళుగా మా అంగడి గుమ్మం దాటిన ప్రతి మంచి పలకా నా చేతిది. వీధిలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. నాన్నకు తెలుసా లేదా అన్నది నాకే తెలియదు. అది తేల్చుకోవాలనే బుద్ధి నాకు ఈ వయసులో పుట్టింది.

నన్ను ఇంట్లో పుర్రమ్మ అంటారు. పుర్రచేతి వాటం. చిన్నప్పుడు నాన్న నా ఎడమచేతికి గుడ్డ చుట్టి కట్టేసి, కుడిచేత్తో రుద్దమని కూర్చోబెట్టాడు. నేను కుడిచేత్తో రుద్దిన పీట చూసి తానే కట్టు విప్పేశాడు. ఎడమచేత్తో రుద్దిన పీటను వెలుతురులోకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. అబద్ధం ఎందుకు, బాగా నేర్పాడు. ఒక్క షరతు పెట్టాడు. "పనంతా నీ చేత్తోనే చెయ్యి. ఆఖరి పొర మాత్రం కుడిచేత్తో వెయ్యి. అంగడికి ఒకటే చెయ్యి ఉండాలి" అన్నాడు. నేను దాన్ని పాఠం అనుకున్నాను.

ఆ షరతు ఎందుకో చెప్పాలంటే కాస్త పని గురించి చెప్పాలి. లక్కను స్పిరిట్‌లో కరిగించి, దూదిని నూలుగుడ్డలో చుట్టి కట్టిన ఉండతో పలక మీద వేస్తాం. ఆ ఉండను చెక్క మీద ఎప్పుడూ ఆపకూడదు. కదులుతూ దిగాలి, కదులుతూ లేవాలి. ఆగిందా, అంతవరకూ వేసిన పొరలన్నిటినీ స్పిరిట్ కొరికేస్తుంది. అయితే ఎంత జాగ్రత్తగా దింపినా, దిగిన అంచున వెంట్రుకవాసి లక్క ఎక్కువ పడుతుంది. కంటికి కనబడదు. వేలికి తెలుస్తుంది, అదీ మా నాన్న వేలి లాంటి వేలికి. కుడిచేతివాళ్ళు ఎడమ అంచున దిగుతారు. నాన్నా, తమ్ముడూ అంతే. నేను కుడి అంచున దిగుతాను. అందుకని ఆఖరి పొర కుడిచేత్తో, కష్టపడి, ఎడమ అంచు నుంచే వేసేదాన్ని. నా చెయ్యి ఎక్కడా మిగలకుండా నేనే తుడిచేసేదాన్నన్నమాట.

పెళ్ళయి పక్కవీధికి వెళ్ళాక ముందు గదిలో నా పీట తమ్ముడికి ఇచ్చారు. నాన్నకు చూపు మసకబారుతున్న రోజుల్లో వాడు చేసిన బల్లలు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. అప్పుడు వాడు మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడి, "అక్కా, పరువు పోతోంది" అన్నాడు. ఆనాటి నుంచి నేను మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని అంగడికి వెళ్ళడం మొదలైంది. నాన్న తిన్నాక ఆయన్ని చెయ్యి పట్టి తమ్ముడి ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టేదాన్ని. తిరిగొచ్చి వెనక షెడ్డులో కూర్చునేదాన్ని. కిటికీ లేని షెడ్డు. ఒక బల్బు, ఒక పీట, స్పిరిట్ వాసన. తిరిగొస్తున్న బల్లలు ఉన్నట్టుండి రావడం ఎందుకు మానేశాయని నాన్న ఎవర్నీ అడగలేదు. కానీ రోజూ ఇంటికి నడిచేటప్పుడు నన్నే అడిగేవాడు, "పుర్రమ్మా, బల్ల ఎలా ఉంది?" అని. ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పేదాన్ని. పని విషయంలో ఆయన నమ్మింది నా మాటే.

ఇలా ఉండగా గ్రంథాలయం బల్ల వచ్చింది.

తెచ్చినావిడ ఆ గ్రంథాలయానికి కొత్తగా వచ్చిన పెద్ద అధికారి. మేడమ్ అనేవాళ్ళం. ముక్కుసూటి మనిషి. బల్లను బండిలోంచి దింపించి, పైనున్న గుడ్డ తనే లాగేసింది. పలక మీద గ్లాసులు పెట్టిన వలయాలు ఒకదాని మీద ఒకటి, అరచెయ్యంత సిరా మరక, ఎండ పడిన మూల తెల్లబోయి, మోచేతులు ఆనించే అంచున పాలిష్ అన్నదే మిగల్లేదు.

"మేస్త్రిగారూ, మా చదువుకునే హాల్లో ఇలాంటివి వరసలు వరసలుగా ఉన్నాయి" అందావిడ నాన్నతో. "అన్నీ పారేసి కొత్తవి కొందామంటున్నారు మా పైవాళ్ళు. నాకు ఇష్టం లేదు. ముందు ఇదొక్కటి బాగుచేసి చూపిస్తే వాళ్ళ నోరు మూయించొచ్చు."

"చేద్దామమ్మా" అన్నాడు నాన్న.

"నేను చెప్పేది పూర్తిగా వినండి. ఇదివరకు ఒక అంగడివాళ్ళు ఒకళ్ళ పని చూపించి ఇంకొకళ్ళని పంపారు. నాలుగు బల్లలు పాడుచేశారు. ఈసారి అలా కుదరదు. ఈ పలక ఏ చెయ్యి చేస్తే ఆ మనిషినే పనిలోకి తీసుకుంటాను. అక్కడే ఒక గది ఇస్తాం. పెద్ద కిటికీ ఉంది, వెలుతురు బాగుంటుంది. తలుపు మీద పేరు రాయిస్తాం. ఎవరు చేశారో మాత్రం మీ నోటితో చెప్పాలి. మీ మాట మీదే తీసుకుంటాను."

నేను ఖాళీ క్యారేజీ చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. పెద్ద కిటికీ ఉన్న గది అనగానే కిటికీ లేని మా షెడ్డు గుర్తొచ్చింది. నాకు ఆ గది కావాలనిపించింది. తలుపు మీద పేరూ కావాలనిపించింది. అన్నిటికంటే ముందు, నాన్న నోటి నుంచి ఆ మాట, బయటివాళ్ళు వింటుండగా, ఒక్కసారి కావాలనిపించింది. సిగ్గుపడాల్సిన కోరిక ఏమీ కాదు.

తమ్ముడు ఉత్సాహం పట్టలేక మర్నాడే ఉప్పుకాగితం బిగించిన కరెంటు మరతో పాలిష్ గీకడం మొదలుపెట్టాడు. పాత బల్లలన్నీ ఒకే దిమ్మ చెక్కతో చేస్తారని వాడి నమ్మకం. ఆ బల్ల అలాంటిది కాదు. కింద మామూలు చెక్క, పైన అట్టముక్కంత మందాన చేవ చెక్క పొర అతికించింది. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి వాడు తేలుకుట్టిన దొంగలా షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏం చేశావురా?"

"నేనేం చెయ్యలేదక్కా. అదే అయింది."

ఎడమవైపు మూలన పైపొర పూర్తిగా పోయి, కింది పాలిపోయిన చెక్క బయటపడింది. మోకాలి మీద దెబ్బ తగిలి చర్మం లేచిపోయినట్టుంది. నేను వాడిని తిట్టలేదు. తిడితే వాడు నవ్విస్తాడు, నవ్వితే నా పని చెడుతుంది.

"మర తీసుకెళ్ళి ముందు గదిలో పెట్టు. ఇక దీన్ని ముట్టుకోకు" అన్నాను.

"నాన్నకు చెప్పకు."

"ఎన్నడు చెప్పాను గనక?"

బల్ల వెనక అంచు, గోడకు ఆనుకుని ఎవరికీ కనబడని చోట, అదే పొర ఉంది. అక్కణ్ణుంచి పలచటి ఉలితో ఒక ముక్క ఊడదీశాను. ఊపిరి బిగబట్టి తీశాను, విరిగితే ఇంకో ముక్క లేదు. చెక్క చార చారకు కలిసేలా ఏటవాలుగా కోసి, జిగురుతో అతికించి, పైన కాగితం పరిచి ఇటుక పెట్టాను. జిగురు ఆరాక పదునైన రేకుతో గీకి సమం చేశాను. వెనక అంచున పోయిన చోట అదే రంగు లప్పం నింపాను. సిరా మరకను మందునీళ్ళతో కొంచెం కొంచెంగా తీశాను. తొందరపడితే మరకతోపాటు చెక్క రంగూ పోతుంది. గ్లాసు వలయాలు స్పిరిట్‌తో పోయాయి.

గుంటలు లేపడానికి తడిగుడ్డ వేసి పైన ఇస్త్రీ చెయ్యాలి. మా ఆయన దర్జీ. ఆయన ఇస్త్రీపెట్టె అడిగితే, కళ్ళజోడు పైనుంచి నాకేసి చూశాడు.

"నా బట్టల ఇస్త్రీ మీ తమ్ముడి పేరుకు చేస్తున్నావన్నమాట" అన్నాడు.

"ఇస్తారా, ఇవ్వరా?"

"ఇస్తాను. ఇవ్వకపోతే ఊరుకుంటావా?" పెట్టె తుడిచి ఇచ్చి, సూదిలో దారం ఎక్కించుకుంటూ అన్నాడు, "ఈసారైనా మామయ్యను అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు."

"నేను అడగను. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? ముట్టుకుంటే ఆయనకే తెలుస్తుంది."

"మామయ్యకు చూపు ఇప్పుడు పోయింది గానీ, చూడదలచుకోనివి చూడకపోవడం మొదట్నుంచీ వచ్చు" అన్నాడు మా ఆయన. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. మూడు పూటలు ఆయనతో మాట్లాడలేదు. నిజం చెప్పినవాడిమీద కోపం వచ్చినంత తొందరగా అబద్ధం చెప్పినవాడిమీద రాదు.

కానీ ఆ మాట నాలో దిగబడి ఉండిపోయింది. రోజూ పొర మీద పొర వేస్తూ అదే ఆలోచించాను. పలక రోజురోజుకూ లోతు పట్టింది. చార లోపల్నుంచి మెరుస్తూ పైకి వచ్చింది. అతుకు వేసిన మూల ఎక్కడుందో ఒకరోజు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. నా జన్మలో అంత బాగా ఏ పలకా చెయ్యలేదు, ఇక ముందు చెయ్యనేమో కూడా. ఈ మాట గొప్పకు చెప్పడంలేదు. ఎవరూ చెప్పనప్పుడు మనమైనా చెప్పుకోవాలి కదా.

ఆఖరి పొర రోజున ఉండను కుడిచేతిలోకి మార్చుకున్నాను. ఎడమ అంచు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. చెయ్యి కదల్లేదు. ఎన్ని బల్లలు ఇలా పోయాయి అనిపించింది. మళ్ళీ ఎడమచేతిలోకి మార్చుకుని, అటు తిరిగి, కుడి అంచున దించాను. చారవెంట సాఫీగా వెళ్ళి ఎడమ అంచు దాటి గాల్లోకి లేచింది. మళ్ళీ కుడి అంచు, మళ్ళీ అదే. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నాన్న వేలు కుడి అంచున పడితే ఇక ఆయన తప్పించుకోలేడు అనుకున్నాను. తెలియదనడానికి వీల్లేదు. తెలిస్తే చెప్పక తప్పదు. ఎందుకంటే పని విషయంలో ఆయన అబద్ధం చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

నాలుగు రోజులు ఆరనిచ్చాక మేడమ్ సాయంత్రం ఆఫీసు అయ్యాక వచ్చింది. బల్లను ముందు గదిలోకి తెచ్చి తలుపులు బార్లా తెరిచాం. ఆవిడ లోపలికి అడుగుపెట్టి, బల్లను చూసి, ఉన్నచోటనే ఆగిపోయింది. చేతిసంచీ దాని మీద పెట్టబోయి, పెట్టకుండా కుర్చీలో పెట్టింది. ఆ ఒక్క పనికి నేను ఆవిడకు జన్మంతా రుణపడి ఉంటాను.

"ఇది నా బల్లేనా?" అంది.

తమ్ముడు నవ్వాడు. "మీదే మేడమ్. కాళ్ళు చూడండి, కాళ్ళు పాతవే."

ఆవిడ వంగి పలకను పక్కనుంచి చూసింది, వెలుతురు కింద చూసింది. తల ఎత్తేసరికి ఎదురుగా నేనున్నాను. నా గోళ్ళ చుట్టూ లక్క రంగు ఎంత కడిగినా పోదు. ఆవిడ చూపు నా చేతుల మీద ఆగింది.

"మీరు కూడా ఇక్కడే పని చేస్తారా?"

నేను నోరు తెరిచేలోగా నాన్న అందుకున్నాడు. "మా పెద్దమ్మాయమ్మా. మధ్యాహ్నం అన్నం తెస్తుంది."

ఇంకా అరచెయ్యి నడవలేదు కదా, అసలు మాట అది నడిచాక కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా అంగడిలో పనివాడు తన పని తనదని చెప్పుకోడు. అది చెప్పాల్సింది నాన్న చెయ్యి. ఆ నియమం ఆయనదే, నేను దాన్ని ఆయన కంటే గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

నాన్న లేచాడు. చొక్కా చేతులు మడిచాడు. అరచెయ్యి తుడుచుకుని పలక మధ్యన ఆనించి నెమ్మదిగా నడిపించాడు. అతుకు మూల మీదుగా చెయ్యి వెళ్ళింది, ఆగలేదు. తమ్ముడు ఊపిరి వదలడం వినబడింది. అప్పుడు నాన్న ఎప్పటిలాగే చూపుడువేలితో ఎడమ అంచు పట్టుకుని పైనుంచి కిందికి తడిమాడు. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ తడిమాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

తర్వాత, ఇన్నేళ్ళలో ఎవరి బల్లకూ చెయ్యని పని చేశాడు. బల్ల చుట్టూ తడుముకుంటూ ఇటువైపు వచ్చి కుడి అంచు మీద వేలు పెట్టాడు. వేలు అక్కడ ఆగింది. బొటనవేలు కూడా వచ్చి కలిసింది. నా చేతిని ఆయన పట్టుకున్నట్టే అనిపించింది నాకు. ఆయన మొహంలో ఒక మెత్తదనం వచ్చింది. నేను చూశాను, కాదనను. అది నాకోసమే వచ్చింది.

"చిన్నోడా, గుడ్డ మీద కాస్త స్పిరిట్ చుక్క వేసి ఇటివ్వు" అన్నాడు నాన్న.

తమ్ముడు నావైపు చూశాడు. నాకు ఏమీ అర్థంకాలేదు. వాడు గుడ్డ తడిపి ఇచ్చాడు. నాన్న దాన్ని బొటనవేలికి చుట్టుకుని కుడి అంచు మీద రుద్దడం మొదలుపెట్టాడు. పైకీ కిందికీ, నెమ్మదిగా, కదులుతూ. అప్పుడు అర్థమైంది. వెంట్రుకవాసి లక్క. దాన్ని తీసేస్తున్నాడు.

"ఏమైనా లోపం ఉందా?" అంది మేడమ్.

"లేదమ్మా. అంచున కాస్త బరువు పడింది, సరిచేస్తున్నాను."

"మరి చెప్పండి మేస్త్రిగారూ. ఈ పలక ఎవరి చెయ్యి?"

నాన్న చెయ్యి ఆగిపోయింది. తడిగుడ్డ పలక మీదే ఉంది. ఆయన తల కొంచెం నేనున్న వైపుకు తిరిగింది. నేనున్న చోటు ఆయనకు ఎప్పుడూ తెలుస్తుంది.

"మావాడి చెయ్యి" అన్నాడు. "చిన్నప్పటి నుంచీ నా పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి. ఇందులో ఇంకో మాట లేదమ్మా."

ఆ మాటలు అన్నంతసేపూ గుడ్డ అక్కడే ఉంది. ఆయన దాన్ని ఎత్తేసరికి బొటనవేలంత మేర పలక మెరుపు పోయింది. ముద్దలా మెత్తబడి, ముడతపడి, చూస్తుండగానే తెల్లగా పొగ కమ్మినట్టయింది. పొర మీద గుడ్డ ఆగితే ఏమవుతుందో నాకు నేర్పిన మనిషి ఆయనే. ఆయనకు కనబడలేదు. మేడమ్ అప్పటికే తమ్ముడివైపు తిరిగి, ఎప్పటి నుంచి రాగలవని అడుగుతోంది. తమ్ముడు నవ్వుతూ నావైపు చూడకుండా జవాబులు చెబుతున్నాడు. ఆ మచ్చను చూసింది నేనొక్కదాన్నే.

ఒక్క నిమిషం చాలు. ఉండ తెచ్చి, నాలుగుసార్లు అలా చారవెంట పోనిస్తే ఆ పొర మళ్ళీ కూడుకునేది. కాళ్ళు కదలబోయాయి కూడా. ఇన్నేళ్ళ అలవాటు. అప్పుడు మేడమ్ "మేస్త్రిగారి అమ్మాయి కూడా సంతోషించాలి కదా, తమ్ముడు ప్రయోజకుడయ్యాడు" అని నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నా కాళ్ళు ఉన్నచోటే ఉండిపోయాయి.

బండివాళ్ళు వచ్చారు. తమ్ముడు బల్ల మీద ఉన్ని దుప్పటి కప్పాడు. పచ్చిగా ఉన్న లక్క మీద ఉన్ని వేస్తే నూగంతా అంటుకుపోతుంది. ఎప్పుడైనా అయితే, ఒరేయ్ ముందు కాగితం వెయ్యరా అని అరిచేదాన్ని. ఆ రోజు దుప్పటి రెండో కొస నేనే పట్టుకుని సర్దాను. గది చూడ్డానికి తమ్ముడు మేడమ్‌తోపాటు వెళ్ళిపోయాడు. వెళ్తూ గుమ్మంలో నా భుజం మీద చెయ్యి వేసి, "అక్కా, నువ్వూ వస్తూండాలి. కిటికీ పెద్దదట" అన్నాడు. వాడు వెటకారంగా అనలేదు. వాడికి అంత తెలివి లేదు.

అంగడి తాళం వేసి, నాన్నను నడిపించుకుని బయల్దేరాను. ఆయన ఎప్పుడూ నా ఎడమ మణికట్టు పట్టుకునే నడుస్తాడు. కాలవ ఉంది, చూసుకో. రాయి ఉంది, ఇటు రా. తాళాల అంగడాయన పలకరించాడు. "మీవాడి పని చూశానండీ, అద్దం" అన్నాడు. నాన్న తల ఊపాడు.

మలుపు తిరిగాక నేనే అడిగాను. "నీకు తెలుసు కదా నాన్నా?"

"తెలియకపోవడమేమిటి. నీ చెయ్యి నాకు తెలియదా?"

"ఎప్పటి నుంచి?"

"మొదటి బల్ల నుంచి. కుడిచేత్తో ముగించినా తెలిసేది. నీ పొర పలచన. వాడికి రాదు అంత పలచన."

ఇన్నేళ్ళూ నేను వినాలనుకున్న మాటలు అవే. చీకటిపడుతున్న వీధిలో, కాలవ పక్కన, ఎవరూ వినకుండా అన్నాడు.

"మరి ఆవిడ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

నాన్న రెండడుగులు వేశాడు. "నీకు చెయ్యి ఉందే. వాడికి పేరైనా ఉండొద్దా?"

"నాకు రెండూ ఉంటే ఏం పోయింది నాన్నా?"

"ఆ ఎడమ అంచు దగ్గర వేలికి ఏమీ తగలనప్పుడు భయం వేసింది పుర్రమ్మా" అన్నాడు. "నువ్వు అడుగుతున్నావని తెలిసింది. అలా అడగకూడదమ్మా, తండ్రిని." నా మీద నేరం మోపినట్టు అన్నాడు. గుడ్డ కట్టేసిన చెయ్యి నాది, కట్టు విప్పి వాడుకున్న చెయ్యి నాది, అడిగిన నేరమూ నాదే. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. మా ఇంట్లో ఆ సోకుకు కాపలా కూడా సొమ్ము పెట్టినదాన్నే కాయమంటారు.

అప్పుడు చూశాను, ఆయన రెండో చేతిని. బొటనవేలిని చూపుడువేలితో రాసుకుంటున్నాడు. విడదీస్తున్నాడు, మళ్ళీ అంటిస్తున్నాడు. వేలికి లక్క జిగురుజిగురుగా అంటుకుని ఉంది. నాలుగు రోజులు ఆరిన పొర వేలికి అంటకూడదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

అడుగు నెమ్మదించింది. మణికట్టు మీద పట్టు బిగిసింది.

"పుర్రమ్మా. బల్ల ఎలా ఉంది?"

అంతవరకూ ఆయనకు ఒక్కసారి కూడా ఉన్నది కాక ఇంకొకటి చెప్పలేదు. ఇంకా సమయం ఉంది. బండి చాలా దూరం వెళ్ళి ఉండదు. ఆటో ఎక్కి వెళ్ళి, మేడమ్, ఒక్క నిమిషం, చిన్న లోపం అని సరిచేసి రావచ్చు.

"బాగుంది నాన్నా" అన్నాను.

"కుడి అంచు?"

"బాగానే ఉంది. నువ్వే కదా సరిచేశావు."

ఆయన నా మాట నమ్మలేదు. నమ్మలేదని పట్టు చెబుతోంది. కానీ అబద్ధమని అనడానికి ఆయనకు కళ్ళు కావాలి, ఆ కళ్ళు నావి. వేళ్ళు రాసుకుంటూనే నడిచాడు. తమ్ముడి ఇల్లు వచ్చింది. మెట్టు ఉంది చూసుకో అన్నాను. మెట్టెక్కి, తలుపు చట్రం పట్టుకుని, ఇటు తిరిగి నిలబడ్డాడు.

"రేపు వస్తావుగా?" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"వస్తాను నాన్నా" అన్నాను. "మధ్యాహ్నం అన్నం తెస్తాను."